ఆవిడకి ఎత్తులు పడవు

"మీరంతా పైకెళ్ళి చూసిరండి. మేమిద్దరం కిందే ఉంటాం. మా ఆవిడకి ఎత్తులు పడవు" అన్నాడు పెద్దకోడలి భర్త, గడియారం బురుజు గుమ్మం దగ్గర నిలబడి, టూరు బస్సులో వచ్చిన జనమంతా వినేలా.

పెద్దకోడలు తల ఊపింది. ఈ విషయంలో ఆవిడకి ఆలోచించే పని కూడా లేదు, మెడ దానంతటదే ఊగుతుంది. ఆ మాట అనడం ఆలస్యం, మొదలైంది చాకిరీ. మరిది తన కెమెరా సంచీ తెచ్చి ఒళ్ళో పెట్టాడు. తోటికోడలు కోటు విప్పి భుజం మీద వేసింది. నిన్న బస్సులో కొత్తగా పరిచయమైన రిటైర్డ్ హెడ్మాస్టరు దంపతులు కూడా, "ఎలాగూ మీరు ఎక్కరు కదమ్మా" అంటూ రెండు గొడుగులూ, మందుల సంచీ, సగం తిన్న బిస్కెట్ల పొట్లమూ అప్పగించి చేతులు ఊపుకుంటూ మెట్లెక్కిపోయారు. చూస్తుండగానే ఆవిడ కూర్చున్న రాతిబల్ల రైల్వేస్టేషన్లో సామాన్లు దాచే గదిలా తయారైంది. అక్కడైతే కనీసం రసీదు రాసిస్తారు, కూర్చున్న మనిషికి జీతం కూడా ఇస్తారు. ఆయన మాత్రం పక్క బల్ల మీద కాళ్ళు బారజాపి, కాఫీ తెప్పించుకుని, ఫోన్లో వార్తలు చూసుకుంటూ, "హాయిగా ఉంది కదూ" అన్నాడు. హాయిగా లేక ఏం!

కాసేపటికి అందరూ దిగొచ్చారు. తోటికోడలి జుట్టంతా గాలికి రేగిపోయి ఉంది, బుగ్గలు ఎర్రబడ్డాయి. "అక్కా, ఊరంతా అరచేతిలో పెట్టినట్టు కనిపించిందనుకో! నది ఒకచోట రెండుగా చీలి మళ్ళీ కలుస్తుంది, తెలుసా?" అంది ఆయాసపడుతూ. అంతటితో ఊరుకుందా, లేదు. "అయినా మీరు అదృష్టవంతులక్కా. మీకోసం బావగారు పైకే రాలేదు. మా ఆయనైతే నేను మెట్ల మీద పడిపోయినా వెనక్కి తిరిగి చూడడు" అని నిట్టూర్చింది. మోకాళ్ళ నొప్పులతో తనూ ఎక్కకుండా పక్కనే కూర్చున్న అత్తగారు అందుకుంది. "ఏం అదృష్టమో! దీన్ని కట్టుకున్నాక నా కొడుకు ఒక్క కొండెక్కాడా, ఒక్క మేడెక్కాడా? పాపం అన్నీ మానుకున్నాడు." ఆయన వినయంగా తల వంచుకున్నాడు. త్యాగమూర్తి! పెద్దకోడలు ఎవరి గొడుగులు వాళ్ళకి అందించింది.

ఆ టూరు సగం పట్నం, సగం అడవి. ముందు నాలుగు రోజులు ప్రదర్శనశాలలూ, పాత భవనాలూ, నాట్యాలూ. ఆ తర్వాత కొండల అవతల వానలడవిలో చెక్క గుడిసెల్లో మకాం, వాగులు దాటడం, చెట్ల మీద కట్టిన వంతెన ఎక్కడం. మరిది పట్టుబట్టి కుటుంబమంతటికీ టిక్కెట్లు తీసుకున్నాడు. కూతురు పరీక్షలని రాలేదు కానీ, బయల్దేరేముందు సూట్‌కేసు మీద కూర్చుని జిప్పు లాగడంలో సాయం చేస్తూ ఒక మాట అంది. "నేను వచ్చినా ఆ వంతెనా అదీ ఎక్కేదాన్ని కాదులే అమ్మా. నాకూ ఎత్తులు పడవు, నీ పోలిక." ఆ మాట విన్నప్పుడు పెద్దకోడలికి గుండెలో కలుక్కుమంది. ఆ పిల్లని ఎప్పుడూ ఎవరూ ఎత్తు మీదికి తీసుకెళ్ళందే పడుతుందో పడదో ఎలా తెలుస్తుంది? ఇంట్లో అందరూ అనుకున్నారు, పిల్ల కూడా అనుకుంది. అంతే.

ఈ ఎత్తుల కథ ఎక్కడ మొదలైందో పెద్దకోడలికి బాగా తెలుసు. పెళ్ళయిన కొత్తలో సముద్రం ఒడ్డున ఉన్న దీపస్తంభం చూడటానికి వెళ్ళారు. లోపల గుండ్రంగా తిరిగే ఇనుప మెట్లు. ముందు ఆయన, వెనక ఆవిడ, ఇంకా కింద ఎక్కడో మరిదీ అతని స్నేహితులూ. సగం దాకా ఈల వేసుకుంటూ ఎక్కినవాడు ఉన్నట్టుండి ఆగిపోయాడు. మెట్ల సందుల్లోంచి నేల కనిపించిందేమో, కడ్డీ పట్టుకున్న వేళ్ళు తెల్లగా పాలిపోయాయి. ఏమైందండీ అంటే ఉలుకూ లేదు పలుకూ లేదు. చెయ్యి పట్టుకుంటే మోచేతి దాకా చెమట. కింద నుంచి మరిది గొంతు, "ఏంటన్నయ్యా ఆగిపోయారు? నడవండి నడవండి" అని. అప్పుడు ఆయన ఆవిడ వంక చూశాడు. ఆ చూపులో పడిపోతానేమోనన్న భయం కంటే తమ్ముడు చూసేస్తాడేమోనన్న భయమే ఎక్కువగా ఉంది. కొత్త పెళ్ళికూతురు, మొగుడి మీద జాలీ ప్రేమా కలిసి ఒక్కసారే పొంగుకొచ్చాయి. "నాకు కళ్ళు తిరుగుతున్నాయండీ, దిగిపోదాం" అని గట్టిగా, కింద వాళ్ళకి వినపడేలా అంది. ఒక్క పూట మాట సాయం అనుకుంది.

దిగాక ఒక్కసారి కృతజ్ఞతగా చూస్తాడేమో అనుకుంది. చూడకపోగా, ఆ సాయంత్రం భోజనాల దగ్గర, "కొయ్యబారిపోయిందనుకోండి! నేనే చెయ్యి పట్టుకుని ఒక్కో మెట్టూ దించాను" అని చెప్పాడు. అందరూ నవ్వారు. ఆవిడా నవ్వింది. ఎక్కడో ఒకచోట, ఇద్దరే ఉన్నప్పుడు, ఆ మాట తెస్తాడని చాలాకాలం చూసింది. పిల్ల పుట్టాక ఒకనాడు తనే ధైర్యం చేసి, "ఆ రోజు దీపస్తంభం మీద భయపడింది మీరు కదూ" అంది నవ్వుతూ. ఆయన దుప్పటి మడత పెడుతున్న ఆవిడ వైపు ఆశ్చర్యంగా చూశాడు. "నాకా? భలేదానివే. నీకు కళ్ళు తిరిగితేనే కదా దిగింది!" అన్నాడు. మోసం చేసేవాడి మొహం కాదది. ఆయన నిజంగానే నమ్మేశాడు. ఆ క్షణంలో ఆవిడకి కోపం కంటే ముందు దిగులు పుట్టింది, ఎందుకంటే నిజం తెలిసిన మనిషి లోకంలో ఇంక తనొక్కతే మిగిలింది.

ఇంట్లో వరకే అయితే ఎలాగో సర్దుకుపోయేది. కానీ అది ఆఫీసు దాకా వచ్చింది. పెద్దకోడలు నీళ్ళు పరీక్ష చేసే ప్రయోగశాలలో పని చేస్తుంది. ఊళ్ళో ఉన్న పెద్ద ట్యాంకులన్నిటి నుంచీ రోజూ సీసాల్లో నీళ్ళు వస్తాయి. అందులో మందు సరిగ్గా పడిందో లేదో, మురికి చేరిందో లేదో చూసి చెప్పాలి. సీసాలు తెచ్చేది ఫీల్డు ఇన్‌స్పెక్టర్లు. వాళ్ళు నిచ్చెన మీదుగా ట్యాంకు పైకెక్కి, మూత తెరిచి, సీసాకి తాడు కట్టి వదిలి, నీళ్ళు పట్టి తెస్తారు. ఫీల్డులో చేసినవాళ్ళకే పై హోదా. ఆవిడ దగ్గర సీసా మూత పెట్టడం నేర్చుకున్న కుర్రాళ్ళు, రెండేళ్ళు ట్యాంకులెక్కి, ఆవిడ పైన అధికారులై కూర్చున్నారు. "మేడమ్, ఈ రిపోర్టు ఎందుకు ఆలస్యమైంది?" అని అడుగుతున్నారు కూడా. ఆవిడ మాత్రం ఇన్నేళ్ళుగా నీళ్ళని సీసాలోనే చూస్తోంది.

మొదట్లోనే ఒకసారి అడిగింది, ఫీల్డుకి పంపండి సార్ అని. పెద్దసారు మందలిస్తున్నట్టు నవ్వాడు. "ఎందుకమ్మా ఆ తంటా? మీవారు ఒక పెళ్ళిలో కలిశారు. మా ఆవిడకి ఎత్తంటే చచ్చేంత భయం, దయచేసి ట్యాంకులెక్కించకండి అని మరీ మరీ చెప్పారు. ఎంత శ్రద్ధండీ ఆయనకి మీరంటే!" అన్నాడు. ఆవిడ అప్పుడూ తల ఊపే వచ్చింది. కాదు సార్, ఆ భయం నాది కాదు అనడానికి నోరు పెగల్లేదు. అంటే మొగుడు అబద్ధాలకోరు అయిపోతాడు. అనకపోతే తను పిరికిది అయిపోతుంది. రెండోది ఇంట్లో ఎప్పుడో అయిపోయింది కదా, కొత్తగా పోయేదేముంది అనుకుంది.

ఈసారి టూరుకి సెలవు అడగడానికి వెళ్ళినప్పుడు పెద్దసారే కదిపాడు. ఇన్‌స్పెక్టరు పోస్టు ఒకటి ఖాళీ అయింది, వరసలో ముందున్నది మీరే, పద్ధతి ప్రకారం ఒకసారి అడగాలి కాబట్టి అడుగుతున్నాను, వద్దంటే కొత్తబ్బాయికి ఇచ్చేస్తాను, తిరిగి వచ్చేలోగా ఏ సంగతీ చెప్పండి అన్నాడు. ఇంటికొచ్చి ఆ మాట చెప్తే ఆయన టీవీ మీదనుంచి చూపు తిప్పకుండానే, "చెప్పేందుకేముంది? పడదని చెప్పెయ్" అన్నాడు.

చెప్పెయ్యచ్చు. కానీ రాత్రింబవళ్ళు ఆవిడని తొలిచేస్తున్న ప్రశ్న వేరే ఉంది. నిజంగా తనకి భయం లేదా? పాతికేళ్ళు కూడా నిండని వయసులో లేదు, సరే. ఆ తర్వాత ఎక్కడైనా ఎక్కి చూసిందా? చూడనిచ్చారా? ఇన్నేళ్ళుగా వందసార్లు విని, వందసార్లు తల ఊపిన మాట ఒంట్లోకి ఇంకిపోయి నిజమైపోలేదని నమ్మకం ఏమిటి? పోస్టు తీసుకుని, మొదటిరోజే నిచ్చెన సగంలో కొయ్యబారిపోతే? కొత్తబ్బాయి కింద నుంచి చూస్తూ నవ్వితే? తనకి భయం ఉందో లేదో కూడా తెలియని మనిషినైపోయాను కదా అని ఆవిడకి తన మీద తనకే ఒళ్ళు మండిపోయింది.

పట్నంలో చివరి రోజు సాయంత్రం పాత నాటకశాలలో నాట్యప్రదర్శన. టూరు వాళ్ళు అందరికీ పై బాల్కనీలో మంచి సీట్లు ఇచ్చారు. ఆయన టూరు మేనేజర్ని పక్కకి పిలిచి, "మా ఆవిడకి బాల్కనీ పడదండీ" అని గుసగుసలాడి, తామిద్దరి టిక్కెట్లూ కిందికి మార్పించాడు. కింద మిగిలిన సీట్లేవంటే, పెద్ద స్తంభం వెనక ఉన్నవి. పెద్దకోడలికి రంగస్థలం సగమే కనిపించింది. నాట్యకత్తె గిరగిరా తిరుగుతూ కుడివైపుకి వస్తే కనిపిస్తుంది, ఎడమవైపుకి వెళ్తే మాయమైపోతుంది. జనం ఉన్నట్టుండి ఆహా ఓహో అని అరిచి చప్పట్లు కొట్టారు. ఎడమవైపు ఏం జరిగిందో ఆవిడకి ఇప్పటికీ తెలియదు. ఆయన హాయిగా నిద్రపోయాడు.

మర్నాడు బస్సు అడవి చేరింది. ఆకాశంలో మబ్బు లేదు, అయినా నెత్తిన చినుకులు పడుతూనే ఉన్నాయి. నిన్న కురిసిన వాన ఆకు మీద నుంచి ఆకు మీదికి దిగుతూ తీరిగ్గా ఇవాళ నేలకి చేరుతోంది. ఎక్కడ చూసినా ఆకుపచ్చ. మానుల మీద నాచు, నాచు మీద మొక్కలు, ఆ మొక్కల మీద పురుగులు. ఎక్కడో పైన ఒక పక్షి తలుపు కిర్రుమన్నట్టు అరుస్తోంది కానీ కనిపించదు. జలగలకి భయపడి ఆయన ప్యాంటు మేజోళ్ళలోకి దూర్చుకుని, అడుగడుక్కీ ఆగి కాళ్ళు చూసుకుంటున్నాడు. పెద్దకోడలు వాగు దగ్గర వంగి దోసిట్లో నీళ్ళు తీసుకుంది. కదులుతున్న నీళ్ళు, చల్లగా, రాయి వాసన వేస్తూ. ఎవరూ సీసాలో పట్టి తేని నీళ్ళు. ఎందుకో కళ్ళు చెమర్చాయి.

వంతెన దగ్గరికి వచ్చేసరికి అందరి తలలూ పైకి లేచాయి. ఆకాశం దాకా పెరిగిన మానుల నడుమ, ఒక మాను నుంచి ఇంకో మానుకి ఇనుప తాళ్ళు కట్టి, ఒక మనిషి పట్టేంత వెడల్పున చెక్కలు పరిచారు. రెండు వైపులా ఛాతీ ఎత్తున వల. మొదటి మాను చుట్టూ మెలికలు తిరిగిన మెట్లు. గైడు అమ్మాయి అందరి నడుములకీ బెల్టులు బిగించి, తలకి టోపీలు పెట్టి, వంతెన మీద ఎలా నడవాలో చెప్పింది. నడుస్తుంటే ఊగుతుంది, ఊగితే ఆగండి, ఊపు తగ్గాక మళ్ళీ నడవండి, గైడు కాక ఒకసారికి ఇద్దరే వెళ్ళాలి, మధ్యలో వెనక్కి తిరగడానికి లేదు అంది. ఆయన మామూలుగానే ముందుకొచ్చి, "మీరంతా వెళ్ళండి, మేం కిందుంటాం. మా ఆవిడకి" అని అందుకున్నాడు. మిగతా మాట జనమే పూర్తి చేశారు. మళ్ళీ కోట్లూ, సంచులూ, గొడుగులూ వచ్చి ఒళ్ళో పడ్డాయి. ఇద్దరిద్దరుగా అందరూ ఎక్కి వెళ్ళిపోయారు. గైడు అమ్మాయి కాక కింద మిగిలింది ముగ్గురు. ఆవిడ, ఆయన, అత్తగారు.

అత్తగారు చాలాసేపు పైకే చూస్తూ కూర్చుంది. పై నుంచి తోటికోడలి కేకలూ నవ్వులూ వినిపిస్తున్నాయి. ఉన్నట్టుండి ముసలావిడ చేతికర్ర పక్కన పెట్టి, "అమ్మాయ్, నన్ను పైకి తీసుకెళ్తావా?" అంది.

పెద్దకోడలు తను సరిగ్గా విన్నానా అనుకుంది. ఆయన గభాలున లేచాడు.

"నీకేమన్నా మతి పోయిందా అమ్మా? నీ వయసేంటి, నీ మోకాళ్ళేంటి?"

"మోకాళ్ళు నావి. ఈ పిల్లనడుగుతాను" అని గైడు అమ్మాయి వైపు తిరిగింది. "ఏమ్మా, నాలాంటివాళ్ళు ఎక్కచ్చా?"

"పోయిన నెలలో మీకంటే పెద్దావిడ ఎక్కారు బామ్మగారూ. తోడు ఒకరుండాలి, అంతే. ముందు నేను నడుస్తాను."

"అయితే పోనీ నువ్వు తీసుకెళ్ళరా" అంది అత్తగారు కొడుకుతో.

ఆయన మొహంలో రంగు మారింది. "నేనా? నేనెలా వస్తానమ్మా, దీన్ని ఒంటరిగా వదిలేసి?"

"ఇదెక్కడ ఒంటరిగా ఉంటుందిరా? ఇది నాతో వస్తోంది కదా" అంది ముసలావిడ, తొణక్కుండా.

ఇన్నేళ్ళలో ఆయన దగ్గర ఉన్న సాకు ఒక్కటే. అది కాస్తా ఇప్పుడు లేచి వెళ్ళిపోతానంటోంది. "నీకు పడదు కదే! నువ్వు చెప్పు!" అన్నాడు పెళ్ళాంతో, దాదాపు బతిమాలుతూ.

మెడ ఊగబోయింది. అలవాటు పాడుగాను, ఊగబోయింది! ఈసారి పెద్దకోడలు దాన్ని ఆపింది. ఒళ్ళో ఉన్నవన్నీ తీసి బల్ల మీద పెట్టి లేచి నిలబడింది. "బెల్టు ఇవ్వమ్మా" అంది గైడు అమ్మాయితో.

మెట్లు ఎక్కినంతసేపూ అత్తగారి నడుము చుట్టూ చెయ్యి వేసి పట్టుకుంది, తన సంగతి తట్టలేదు. వంతెన మీద మొదటి అడుగు వేశాక తట్టింది. చెక్క కిందికి దిగింది, తాళ్ళు కిర్రుమన్నాయి, మోకాళ్ళు వణికాయి. అయ్యో, ఉంది, నాకూ భయం ఉంది, ఆయన మాటే నిజం అనుకుంది ఒక్క క్షణం. కాళ్ళు కదల్లేదు. గైడు అమ్మాయి చెప్పినట్టు ఆగింది. ఊపు తగ్గింది. ఊపు తగ్గాక వణుకూ తగ్గింది. కిందికి చూసింది. చెట్ల కొమ్మలు పైనుంచి చూస్తే పరిచిన చాపల్లా ఉన్నాయి, వాటి మధ్య సందులో ఎక్కడో లోతున వాగు తళతళలాడుతోంది. కళ్ళు తిరగలేదు. భయం వేసింది, నిజమే. కానీ అది తన భయం, తనకి సరిపడా, చంకలో పెట్టుకుని నడిచేయగలిగినంత. ఇన్నాళ్ళూ తన నెత్తిన మోసింది దీన్ని కాదు. పెద్దకోడలికి నవ్వొచ్చింది. వంతెన మధ్యలో నిలబడి, వల పట్టుకుని, చిన్నపిల్లలా పైకే నవ్వేసింది.

"నీకు భయం లేదు కదూ" అంది ముందు నడుస్తున్న అత్తగారు, వెనక్కి తిరక్కుండా.

"లేదత్తయ్యా. కొంచెం. మామూలుదే."

"నాకు తెలుసు. వాడికి చిన్నప్పట్నుంచీ అంతే. అటక మీద డబ్బా తియ్యరా అంటే మంచం కింద దూరేవాడు. ఆ దీపస్తంభం కథ విన్నప్పుడే అనుకున్నాను, ఎక్కడో తేడా వచ్చిందే అని."

పెద్దకోడలి చేతులు వల మీద బిగుసుకున్నాయి. "తెలిసీ ఊరుకున్నారా అత్తయ్యా? ఇన్నేళ్ళూ? నావల్ల కొడుకు కొండలెక్కలేదని ఊరంతా చెప్పుకుంటూ తిరిగారే!"

ముసలావిడ ఆగింది. వంతెన ఊగింది. ఇద్దరూ ఊపు తగ్గేదాకా ఆగారు.

"మీ మామగారికి నీళ్ళంటే భయం" అంది అత్తగారు అప్పుడు, మెల్లిగా. "ఎవరైనా పడవెక్కుదాం రమ్మంటే, మా ఆవిడకి వాంతులవుతాయి అనేవారు. నాకు ఏ వాంతులూ లేవు. ఆయన పోయేదాకా నేను పడవెక్కలేదు. ఆయన పోయాక ఎక్కించేవాళ్ళు లేరు. నేను మోశాను కదా, నువ్వూ మోస్తావులే అనుకున్నాను. పాపిష్టిదాన్ని, అలాగే అనుకున్నాను. మొన్న బురుజు దగ్గర నీ ఒళ్ళో ఆ సంచులన్నీ చూశాక మాత్రం మనసు ఊరుకోలేదు."

పెద్దకోడలికి ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. ఈవిడని వాటేసుకోవాలో, ఇక్కడే నిలదీసి కడిగెయ్యాలో తెలియలేదు. రెండిటికీ వంతెన మీద చోటు లేదు. "నడవండి అత్తయ్యా. ముందు ఆ అమ్మాయి మనకోసం ఆగింది" అంది. చివరి మాను మీద ఎత్తున చెక్క అరుగు ఉంది. అక్కడ నిలబడితే అడవి మొత్తం కొండల దాకా పొగమంచులో పరుచుకుని కనిపించింది. మొదటిసారిగా ఆవిడ ఒక ప్రదేశాన్ని ఇంకొకళ్ళు చెప్పగా కాకుండా తన కళ్ళతో చూసింది. గైడు అమ్మాయి చేత ఫోటో తీయించుకుని, అక్కడికక్కడే కూతురికి పంపింది. "నా పోలికే అయితే, ఇదీ నా పోలిక" అని కింద రాసింది.

సాయంత్రం చెక్క భోజనశాలలో అందరూ కూర్చున్నారు. రేకుల మీద వాన దంచుతోంది. అందరి నోటా పెద్దకోడలి మాటే. హెడ్మాస్టరు గారి భార్య, "ఎలా ఎక్కారమ్మా, అంత భయం పెట్టుకుని?" అని బుగ్గన వేలేసుకుంది. ఆవిడ జవాబు చెప్పేలోపే ఆయన సూపు గిన్నె పక్కకి జరిపి, గొంతు సవరించుకున్నాడు. "నేనే పంపానండీ. ఎన్నాళ్ళు భయపడతావు, నేనున్నాను కదా, వెళ్ళు అని వెనక నుంచి తోశాను. ఇన్నేళ్ళ ఓపిక ఇవాళ ఫలించింది" అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. ఆయనకి!

పెద్దకోడలు చెంచా కింద పెట్టింది. చప్పట్లు ఆగేదాకా ఆగింది.

"నన్ను ఎవరూ పంపలేదండీ" అంది, గొంతు పెంచకుండా. "అత్తయ్య తోడు రమ్మన్నారు, వెళ్ళాను. నాకు ఎత్తంటే భయం లేదు. ఎప్పుడూ లేదు. దీపస్తంభం మెట్ల మీద ఆగిపోయింది మా వారు. తమ్ముడు నవ్వుతాడేమోనని ఆ భయాన్ని నా మీద వేసుకున్నాను. ఒక్క పూటకి అనుకుంటే, ఇరవయ్యేళ్ళయినా ఆయన వెనక్కి తీసుకోలేదు. భయపడటం తప్పేం కాదు. ఎవరికుండదు? కానీ దానివల్ల నా ఉద్యోగం ఎదగలేదు, నా కూతురికి పిరికితనం అంటుకుంది, నిన్న నాట్యం కూడా సగమే చూశాను. ఇంక నావల్ల కాదు."

మరిది అన్నయ్య వైపు చూశాడు. ఆయన మొహం కందగడ్డలా అయింది. "ఏంటే ఆ వాగుడు? అమ్మా, విన్నావా ఇది ఎలా మాట్లాడుతోందో? నువ్వన్నా చెప్పు!"

"చెప్తున్నాను. అది చెప్పింది నిజమేరా" అంది అత్తగారు, సూపు ఊదుకుంటూ.

ఎవరు ముందు కదలాలో తెలియక అందరూ గిన్నెల్లోకి చూసుకుంటుంటే, హెడ్మాస్టరు గారు గట్టిగా ఊపిరి వదిలాడు. "అమ్మయ్య! నేనూ ఆ బురుజు మెట్లు కళ్ళు మూసుకునే ఎక్కానండీ. మా ఆవిడ చొక్కా పట్టుకుని లాక్కెళ్ళింది" అన్నాడు. భోజనశాల ఘొల్లుమంది. తోటికోడలు మాత్రం నవ్వలేదు. పెద్దకోడలి పక్కకి వచ్చి కూర్చుని, "బావగారు మీకోసం ఆగిపోతున్నారని మిమ్మల్ని చూసి కుళ్ళుకున్నానక్కా" అంది చిన్నగా. పెద్దకోడలు ఆమె చెయ్యి నొక్కి వదిలింది.

ఆ తర్వాత వసారాలో ఆయన పెళ్ళాన్ని దొరకబుచ్చుకున్నాడు. "అందరి ముందూ నా పరువు తీశావు."

"నేను కింద కూర్చుంటేనే నిలబడే పరువు అది" అంది పెద్దకోడలు. "ఇకమీదట నేను కూర్చోను. మీరే ఎలాగో నిలబెట్టుకోండి."

చూరు నీళ్ళు ఇద్దరి మధ్యా ధారగా పడుతున్నాయి. "అంత ఎత్తున, నిజంగా ఏమీ అనిపించలేదా నీకు?" అన్నాడు చివరికి. ఇన్నేళ్ళలో ఆయన నిజం ఒప్పుకున్నట్టు అడిగిన మాట అదొక్కటే. ఆవిడకి పాత జాలి కొంచెం కదిలింది. "అనిపించింది. ఆగాను. తగ్గాక నడిచాను" అంది.

పొద్దున్నే, కాఫీలు కాకముందే, పెద్దకోడలు ఫోన్ పట్టుకుని గుడిసె మెట్ల మీదికి వచ్చింది. మకాం మొత్తంలో సిగ్నల్ అక్కడే దొరుకుతుంది. ఆయన వసారాలో కుర్చీలో కూర్చుని తువ్వాలుతో మొహం తుడుచుకుంటున్నాడు. ఆయనకి వినిపిస్తుందని ఆవిడకి తెలుసు. వినిపించనీ అనుకుంది.

"ఏమ్మా, అడవి నుంచా?" అన్నాడు పెద్దసారు ఆశ్చర్యంగా.

"అవును సార్. ఆ పోస్టు కొత్తబ్బాయికి ఇచ్చేశారా?"

"ఇంకా లేదు. మీరు వద్దన్నారని తేలితే ఇచ్చేద్దామని."

"వద్దనడం లేదు సార్. నాకే ఇవ్వండి."

"ట్యాంకులెక్కాలి కదమ్మా? మీకు ఎత్తంటే చచ్చేంత భయమని మీవారే స్వయంగా చెప్పారు నాకు."

"ఆ భయం ఆయనది సార్" అంది పెద్దకోడలు. "ఇన్నాళ్ళూ పొరపాటున నా పేరు మీద ఉండిపోయింది. నిన్ననే ఆయన పేరుకి మార్పించేశాను."